ఆ పట్టికను తీసెయ్యకండి, తేదీలు చూసి చదవండి

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నేను చైనాలో ఎంబీబీఎస్ చదివి 2019లో తిరిగొచ్చాను. విదేశాల్లో చదివొచ్చినవాళ్ళు రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్ఎంజీఈ రెండోసారికి గట్టెక్కి, ఇప్పుడు కమ్యూనిటీ మెడిసిన్‌లో పీజీ రెండో సంవత్సరం చేస్తున్నాను. మా ఆస్పత్రిలో 2020-21లో చేరిన అరవై దాటిన కోవిడ్ పేషెంట్ల కేసు షీట్ల మీద నా థీసిస్. అందులో పాత పరిశోధనల రివ్యూలో చైనా సీడీసీ వీక్లీలో వచ్చిన వయసులవారీ మరణాల పట్టిక ఒకటి పెట్టాను. మా గైడ్ గారు దాన్ని పెన్నుతో అడ్డంగా కొట్టేసి, "అది వాళ్ళ ప్రభుత్వ పత్రిక. వాళ్ళ లెక్కలు ఎవరు నమ్ముతారు? తీసెయ్" అన్నారు. పక్కనున్న సీనియర్ "చైనా బ్యాచ్ కదా సార్, ఆ మాత్రం అభిమానం ఉంటుంది" అని నవ్వారు. చాలా బాధేసింది. తీసేస్తే గొడవ వదిలిపోతుంది కానీ, ఏదో తప్పు చేస్తున్నట్టు ఉంది. ఇంకో మాట. అక్కడ నాకు మెడిసిన్ చెప్పిన మేడం ఒకరు ఆ నెలల్లో కోవిడ్ వార్డులో పని చేశారు. ఆవిడకు మెయిల్ రాసి, నిజంగా ఎంతమంది పోయారో అడిగి, ఆ సమాధానం థీసిస్‌లో పెడితే గైడ్ గారు ఒప్పుకుంటారేమో అనిపిస్తోంది. అడగొచ్చా? నా పేరు వెయ్యకండి.

జవాబు: అమ్మా, ముందు మీ రెండో ప్రశ్న సంగతి. ఆ మెయిల్ పంపకండి. ఎందుకో చివర్లో వివరంగా చెప్తాను. ఈలోపు తొందరపడి పంపేస్తారేమోనని ముందే అంటున్నాను.

ఇక పట్టిక. మీరు పెట్టింది ఏ పట్టికో నాకు తెలుసు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన ఆ వ్యాసాన్ని ఆ రోజుల్లో నేనూ రాత్రిళ్ళు కూర్చుని చదివాను. అప్పటికి మన దగ్గర పెద్దగా కేసులు లేవు. ఆ జబ్బు ఎవరిని చంపుతుందో, ఎవరిని వదిలేస్తుందో చెప్పిన మొట్టమొదటి పెద్ద లెక్క అదే. ఫిబ్రవరి 11 వరకు నమోదైన 72,314 రికార్డులు. అందులో పరీక్షలో ఖాయమైనవి 44,672, మరణాలు 1,023. తొమ్మిదేళ్ళలోపు పిల్లలు 416 మంది, ఒక్కరూ చనిపోలేదు. అరవైల్లో ఉన్నవాళ్ళలో నూటికి 3.6, డెబ్భైల్లో 8, ఎనభై దాటితే 14.8. మన ఊళ్ళల్లో తాతలనూ అమ్మమ్మలనూ ఇంట్లోంచి కదలనివ్వకండి అని మేమంతా చెప్పడం మొదలుపెట్టింది ఇలాంటి లెక్కలు చూసే.

మీ గైడ్ గారి అనుమానం తప్పని నేను అనను. ఆయన అన్నది నిజమే, అది ప్రభుత్వ పత్రిక. చైనా వ్యాధి నియంత్రణ కేంద్రం నడిపే వారపత్రిక, ఆ కేంద్రం అప్పట్లో జాతీయ ఆరోగ్య కమిషన్ చేతి కింద ఉండేది. అమెరికా సీడీసీ వేసే వారపు నివేదిక నమూనాలో 2019 నవంబరులో మొదలుపెట్టారు. ప్రధాన సంపాదకుడు గావ్ ఫూ అప్పట్లో ఆ కేంద్రానికే డైరెక్టరు. అంటే లెక్క కట్టేవాళ్ళూ, అచ్చు వేసేవాళ్ళూ, ఏది బయటికి వెళ్ళాలో నిర్ణయించేవాళ్ళూ అంతా ఒకే గొడుగు కింద. పత్రిక మొదలైన కొద్ది వారాలకే వుహాన్‌లో జబ్బు బయటపడింది. 2020 జనవరి 3న ఆ కమిషనే ఒక ఉత్తర్వు ఇచ్చింది. కొత్త జబ్బు నమూనాల మీద చేసిన పరీక్షల ఫలితాలను అనుమతి లేకుండా ఎవరూ బయటపెట్టకూడదు. దగ్గరున్న నమూనాలను చెప్పిన చోటికి అప్పగించాలి, లేదా నాశనం చేయాలి. అదే రోజు వుహాన్ పోలీసులు కంటి డాక్టరు లీ వెన్‌లియాంగ్‌ను పిలిపించి, పుకార్లు పుట్టిస్తున్నావంటూ కాగితం మీద సంతకం పెట్టించారు. ఆయన చేసిందల్లా డిసెంబరు 30న వాట్సాప్ లాంటి వీచాట్‌లో తోటి డాక్టర్ల గ్రూపులో జాగ్రత్తగా ఉండండని రాయడం. ఫిబ్రవరి 7న ఆయన అదే జబ్బుతో పోయాడు. ఇంకా ముప్ఫైల్లోనే ఉన్నాడు. మీరు చూసిన వ్యాసంలోనే ఇంకోచోట, జబ్బు సోకిన ఆస్పత్రి సిబ్బంది 1,716 మంది, చనిపోయినవాళ్ళు ఐదుగురు అని ఉంటుంది. ఆ వరుస దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఆ సంతకం గుర్తొస్తుంది.

మరి ఇంత తెలిసీ పట్టిక ఉంచమని ఎందుకంటున్నాను? ఆ వ్యాసంలోనే ఇంకో పట్టిక ఉంది. చాలామంది దాని మీదుగా పేజీ తిప్పేస్తారు. మీరు దాన్ని ముందు పెట్టుకుని కూర్చోండి. జబ్బు లక్షణాలు ఏ రోజు మొదలయ్యాయో ఆ తేదీ ప్రకారం కేసులను విడగొట్టిన వరుసలు అవి. డిసెంబరు 31కి ముందు 104. జనవరి 1 నుంచి 10 వరకు 653. జనవరి 11 నుంచి 20 వరకు 5,417. ఆ తర్వాతి పదకొండు రోజుల్లో 26,468.

ఇప్పుడు ఆ రోజుల్లో వుహాన్ అధికారులు చెప్పిన మాట గుర్తు చేసుకోండి. జనవరి 11న మొత్తం కేసులు 41 అన్నారు. జనవరి 3 తర్వాత కొత్తవి లేవన్నారు. వారం పాటు దాదాపు అదే అంకె దగ్గర ఆగారు. మనిషి నుంచి మనిషికి అంటుతోందని అక్కడి ఊపిరితిత్తుల జబ్బుల నిపుణుడు జోంగ్ నాన్‌షాన్ టీవీలో చెప్పింది జనవరి 20న. కానీ ప్రభుత్వ పత్రికలో వచ్చిన వరుసలు కూడి చూడండి. జనవరి 10 నాటికే జ్వరం పట్టినవాళ్ళు 757 మంది. ప్రభుత్వం చెప్పిన 41కి ఎదురుగా ప్రభుత్వ పత్రికే వేసిన 757. ఎవరో బయటివాళ్ళు కనిపెట్టింది కాదిది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. ఈ తేడా మొత్తం దాచిపెట్టడం వల్లే వచ్చిందనలేం. జనవరి మొదటి పది రోజుల్లో పరీక్ష కిట్లు దాదాపు లేవు. చాలామందికి జబ్బు ఖాయమైంది తర్వాతే, లక్షణాల తేదీ వెనక్కి వెళ్ళి నమోదైంది. కానీ కొత్త కేసులే లేవని గట్టిగా చెప్పే హక్కు ఆ రోజు ఎవరికీ లేదని ఆ వరుస చెబుతోంది. దాన్ని తయారు చేసినవాళ్ళు చైనా వాళ్ళే. రచయితల చోట మనుషుల పేర్లుండవు, ఒక అత్యవసర బృందం పేరు ఉంటుంది. ఎక్కడెక్కడి ఆస్పత్రుల నుంచో వచ్చిన రికార్డుల్లోంచి ఒక్కొక్కరికీ జ్వరం ఎప్పుడు మొదలైందో తీసి వరుసలో పెట్టినవాళ్ళు. వాళ్ళ పనిని పెన్నుతో కొట్టేయడం నాకు మనసు ఒప్పడం లేదు.

ఇలాంటి పత్రికలను చదివేటప్పుడు నేను అడిగే ప్రశ్న ఒకటుంది. ఈ అంకె మారితే ప్రభుత్వానికి పోయేదేమిటి? వయసు పెరిగేకొద్దీ మరణాలు పెరుగుతాయన్న మాట దాచినా బయటపెట్టినా బీజింగ్‌కు ఒరిగేదేమీ లేదు. అక్కడ తప్పుడు లెక్క వేయడానికి కారణం కనపడదు. మొత్తం ఎంతమంది పోయారు, ఎప్పుడు తెలిసింది, ఎక్కడ పుట్టింది, వీటిలో మాత్రం పోయేది చాలా ఉంది. కాబట్టి వాటి దగ్గర ఆగాలి. 2020 ఏప్రిల్‌లో వుహాన్ ఒక్కరోజులో తన మరణాల లెక్కకు 1,290 కలిపి 3,869 చేసుకుంది. 2022 డిసెంబరులో ఆంక్షలు ఎత్తేశాక, ఊపిరితిత్తులు పనిచేయక చనిపోయినవాళ్ళనే కోవిడ్ మరణాలుగా లెక్కేస్తామన్నారు. శ్మశానాల ముందు బారులు తీరిన బండ్లు ప్రపంచమంతా చూస్తుంటే రోజుకు ఒకటి రెండు మరణాలు ప్రకటించారు. చివరికి 2023 జనవరి 14న, డిసెంబరు 8 నుంచి ఆస్పత్రుల్లో కోవిడ్‌తో పోయినవాళ్ళు 59,938 అన్నారు. అందులో ఊపిరి అందక పోయినవాళ్ళు 5,503 మందే. నిర్వచనం ఒకటి మారిస్తే అంకె పదింతలు తేడా వచ్చింది. ఇళ్ళల్లో పోయినవాళ్ళు ఆ లెక్కలోనే లేరు. మీ థీసిస్‌లో ఎక్కడైనా చైనా మొత్తం మరణాలు రాసి ఉంటే దాన్ని మాత్రం తీసెయ్యండి. అక్కడ మీ గైడ్ గారి మాటే వినండి.

వయసుల పట్టికకు తోడు ఇంకోటి పెట్టండి. 2020 మార్చిలో ఇటలీ డాక్టర్లు అమెరికా వైద్య సంఘం పత్రికలో తమ లెక్క వేశారు. ఇటలీలో మొత్తం మరణాల శాతం 7.2, చైనాలో 2.3. పైపైన చూస్తే చైనా అబద్ధం దొరికిపోయినట్టే ఉంటుంది. కానీ వయసుల వారీగా విడదీస్తే అరవైల్లో ఇటలీ 3.5, చైనా 3.6. డెబ్భైల్లో ఇటలీ 12.8, ఎనభై దాటితే 20.2. పెద్దవాళ్ళలో ఇటలీ అంకెలు ఎక్కువే కానీ, మెట్లు రెండు చోట్లా ఒకేలా ఎక్కుతున్నాయి. ఇటలీలో ముసలివాళ్ళు ఎక్కువ, జబ్బుపడినవాళ్ళలోనూ వాళ్ళే ఎక్కువ. మొత్తం శాతాలు అంత దూరంగా ఉండటానికి ముఖ్య కారణం అదే. ఇటలీ వాళ్ళకు బీజింగ్‌ను మెప్పించాల్సిన పనేమీ లేదు. గైడ్ గారికి నోటితో వాదించడం కంటే ఈ రెండు వరుసలూ పక్కపక్కన వేసిన కాగితం ఒకటి చూపించడం మేలు.

పట్టిక కింద చిన్న అక్షరాలతో నాలుగు మాటలు రాయండి. లెక్క ఫిబ్రవరి 11 నాటిది. అప్పటికి చాలామంది ఇంకా మంచాల మీదే ఉన్నారు, వాళ్ళలో తర్వాత ఎవరు బతికారో ఎవరు పోయారో ఇందులో లేదు. 2.3 శాతానికి హారం ఖాయమైన కేసులే. అనుమానిత కేసులు 16,186, లక్షణాలు చూసి డాక్టర్లు నిర్ధారించినవి 10,567 దాంట్లో లేవు. స్వల్పంగా వచ్చి ఇంట్లోనే తగ్గిపోయినవాళ్ళు అసలు లెక్కలోకే రాలేదు. ఇవన్నీ ఆ వ్యాసంలోంచే తీయొచ్చు. ఇంత రాశాక ఇక దాన్ని కళ్ళు మూసుకుని నమ్మారని మిమ్మల్ని ఎవరూ అనలేరు.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను, ఇది మీ థీసిస్‌కు నేరుగా సంబంధించిందే. 2021 మేలో నేను పని చేస్తున్న ఆస్పత్రిలో డెబ్భై ఏళ్ళాయన ఒకరు చేరారు. రాపిడ్ టెస్టు నెగెటివ్, సీటీలో రెండు ఊపిరితిత్తులూ తెల్లగా ఉన్నాయి. ఆర్టీపీసీఆర్ ఫలితం వచ్చేలోపే పోయారు. పైనుంచి వచ్చిన మాట ప్రకారం, పాజిటివ్ కాగితం లేదు కాబట్టి మరణ కారణం దగ్గర 'కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్', అంటే గుండె, ఊపిరి ఆగిపోయాయని మాత్రమే రాశాం. రాసింది నా చేత్తోనే. ఆ డిసెంబరులో ఆయన కొడుకు యాభై వేల కోవిడ్ పరిహారం దరఖాస్తు పట్టుకుని వచ్చి, "సార్, మా నాన్న దేంతో పోయాడు?" అని అడిగాడు. ఆ కాగితం వల్ల అతను ఎన్ని ఆఫీసులు తిరిగాడో నాకు తెలుసు. మీరు ఇప్పుడు రికార్డు రూములో దుమ్ము దులుపుతున్న కేసు షీట్లలో అలాంటివి ఎన్నో ఉంటాయి. ఒక్కో షీటులో చివరి పేజీ మీద కారణం మాత్రమే ఎత్తుకుంటే చైనా 2022లో చేసిన పొరపాటే మీరూ చేస్తారు. ఆక్సిజన్ చార్టు, సీటీ రిపోర్టు, నర్సింగ్ నోట్సు కూడా చూడండి.

అయితే రెండు దేశాలూ ఒకటేనని దీనర్థం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో మన దేశంలో రెండేళ్ళలో అదనపు మరణాలు, అంటే మామూలుగా పోయేవాళ్ళకన్నా ఎక్కువగా పోయినవాళ్ళు, 47 లక్షలని అంచనా వేసింది, ప్రభుత్వ లెక్క 4.8 లక్షలు. ప్రభుత్వం గట్టిగా కాదంది. కానీ ఇక్కడ విలేఖరులు శ్మశానాల దగ్గర నిలబడి చితులు లెక్కపెట్టారు, జనన మరణాల రిజిస్టర్లు తిరగేశారు, అచ్చు వేశారు. ప్రభుత్వ లెక్క పక్కన ఇంకో లెక్క ఉంది. చైనాలో ఆ రెండో లెక్క వేసే మనిషికి చోటు లేదు. వుహాన్ వెళ్ళి ఫోన్‌తో వీడియోలు తీసిన మాజీ లాయరు జాంగ్ జాన్‌కు 2020 డిసెంబరులో నాలుగేళ్ళ జైలు పడింది. వైరస్ జన్యుక్రమాన్ని 2020 జనవరి 11న ప్రపంచానికి అందించిన శాస్త్రవేత్త జాంగ్ యోంగ్‌జెన్ ప్రయోగశాలను మర్నాడే మూయించారు. ప్రభుత్వ పత్రికతో అసలు ఇబ్బంది ఇదే. అచ్చయిన అంకె తప్పయితే సరిదిద్దే రెండో గొంతు అక్కడ ఉండదు. అచ్చు కానిదేమిటో మనకు తెలిసే దారీ ఉండదు.

అచ్చు కాని సంగతులు ఎంత భయంకరంగా ఉండొచ్చో ఒక ఉదాహరణ. చైనాలో అవయవ మార్పిడి మీద వచ్చిన 445 పరిశోధన వ్యాసాలను ఆస్ట్రేలియాకు చెందిన బృందం ఒకటి పరిశీలించి 2019లో ఫలితం ప్రచురించింది. 85 వేలకు పైగా మార్పిడులు. అవయవాలు మరణశిక్ష పడిన ఖైదీలవా కాదా అన్నది 92.5 శాతం వ్యాసాలు చెప్పనేలేదు. దాత ఒప్పుకున్నాడని రాయనివి 99 శాతం. ఆ వ్యాసాలన్నీ తోటి నిపుణులు పరిశీలించాకే అచ్చు వేసే ఇంగ్లీషు పత్రికల్లోనే వచ్చాయి. అంటే పత్రిక ఏ దేశానిదన్న ప్రశ్న ఒక్కటే అడిగి ఊరుకుంటే చాలదు. ఆపరేషన్ టెక్నిక్ గురించి వాటిలో రాసింది నిజమే కావచ్చు. దాత గురించి రాయాల్సిన ఒక్క వాక్యం లేదు. వ్యాసం చదివేటప్పుడు ఏ వాక్యం ఉండాలో ముందే తెలిసి ఉంటేనే అది లేదని కనపడుతుంది. పీజీలో నేర్చుకోవాల్సిన ముఖ్యమైన పని ఇదని నా నమ్మకం.

మీ సీనియర్ నవ్వు సంగతి. ఆయనకు ఒక విషయం గుర్తు చేయండి, కోపంగా కాదు. మన పాడేరు, భద్రాచలం ఏజెన్సీల్లో మెదడుకెక్కిన మలేరియాతో పిల్లవాడు వస్తే మనం ఇచ్చే ఇంజెక్షను ఆర్టెసునేట్. దాని మూలం చైనా 1967 మే 23న మొదలుపెట్టిన రహస్య సైనిక పరిశోధన. మావో కాలం, సాంస్కృతిక విప్లవం, శాస్త్రవేత్తలను ఊళ్ళకు తోలేస్తున్న రోజులు. ఆ ఇంజెక్షనుకు మూలమైన ఆర్టెమిసినిన్‌ను తీసిన శాస్త్రవేత్త తూ యూయూ భర్తను కూడా అలాగే పంపేశారు. ఫలితాలు 1979లో వాళ్ళ ఇంగ్లీషు పత్రిక చైనీస్ మెడికల్ జర్నల్‌లో వచ్చినప్పుడు అందులో ఆవిడ పేరు లేదు, ఒక సమన్వయ బృందం పేరు ఉంది. 2,099 మంది మలేరియా రోగుల లెక్క. ప్రభుత్వ పత్రిక, పేరులేని రచయితలు, అప్పటి చైనా. బయటి ప్రపంచం మొదట్లో నమ్మలేదు, నమ్మి వాడటానికి చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళలో పోయిన పిల్లలను తలచుకుంటే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆవిడకు నోబెల్ వచ్చింది 2015లో. కొట్టెయ్యడం వల్ల కూడా నష్టం ఉంటుందమ్మా, అది మనకు కనపడదంతే.

ఇక మీ మేడం గారికి మెయిల్. ఆవిడ మీ మీద ప్రేమతో నిజం రాశారనుకుందాం. ఆ కాగితం మీ థీసిస్‌లో ఒక పేరాలో కూర్చుంటుంది, లైబ్రరీలో ఉంటుంది, రేపు వెబ్‌సైటులో పెడతారు. పేరు రాయకపోయినా, మీరు ఫలానా కాలేజీలో చదివారని తెలిసినవాళ్ళకు ఆవిడ ఎవరో పట్టుకోవడం ఎంతసేపు? మెయిల్ గానీ వీచాట్ గానీ ఇద్దరి మధ్యే ఉంటుందని అనుకోవడానికి అక్కడ వీల్లేదు. 2020 ఏప్రిల్‌లోనే అక్కడి కొన్ని యూనివర్సిటీలు వైరస్ పుట్టుక మీద ఏ వ్యాసమైనా పై కమిటీ అనుమతి లేకుండా పంపకూడదని నోటీసులు పెట్టాయి, తర్వాత తీసేశాయి. అంతటి చోట ఒక టీచర్‌ను, "మీ వార్డులో నిజంగా ఎంతమంది పోయారు?" అని రాతపూర్వకంగా అడగడం ఆవిడ ఉద్యోగాన్ని మీ చేతిలోకి తీసుకోవడమే. పైగా ఒక్క మనిషి ఒక్క వార్డులో చూసింది ఎంత నిజమైనా థీసిస్‌కు లెక్క కాదు, ఎథిక్స్ కమిటీ కూడా ఒప్పుకోదు. ఆవిడ నష్టపోతారు, మీకు ఒరిగేదీ ఉండదు.

రాయాలనిపిస్తే వాళ్ళ కొత్త సంవత్సరానికి శుభాకాంక్షలు రాయండి. పీజీ సీటు వచ్చిందని, పెద్దవాళ్ళ ఆరోగ్యం మీద థీసిస్ చేస్తున్నానని, ఆవిడ క్లాసులో చెప్పింది ఇప్పటికీ పనికొస్తోందని చెప్పండి. ఆరోగ్యం ఎలా ఉందని అడగండి. ఎప్పుడైనా ఎదురుపడితే, ఆవిడంతట ఆవిడే ఆ రోజుల మాట ఎత్తితే, వినండి. రాసుకోవద్దు.